నంబరు మారకుండా తక్కువ ఖర్చు డేటా ప్లాన్‌కు మారడం ఎలా?

ఉన్న నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మాత్రం మారాలంటే ఏం చేయాలి, ఎన్ని రోజులు పడుతుంది, మధ్యలో ఫోన్ ఆగిపోతుందా అనే ప్రశ్నలు పాఠకుల నుంచి వస్తూనే ఉన్నాయి. 2024 జూలైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒకదాని వెంట ఒకటి రీఛార్జ్ ధరలు పెంచి, బీఎస్‌ఎన్‌ఎల్ పెంచకుండా ఉండిపోయినప్పటి నుంచి ఇవి మరీ ఎక్కువయ్యాయి. పోర్టింగ్ అనే ఈ మార్పు నిజానికి చిన్న పనే. ఒక ఎస్సెమ్మెస్, ఒక ఆధార్, ఒక కొత్త సిమ్ ఉంటే సరిపోతుంది. అయినా చాలామంది ఇందులో డబ్బో, సమయమో పోగొట్టుకోవడానికి కారణం, చివర చేయవలసిన పనిని మొదట చేయడం. దుకాణానికి వెళ్లి సిమ్ తీసుకున్నాక సిగ్నల్ గురించి ఆలోచించడం, మొన్ననే మూడు నెలల రీఛార్జ్ చేయించుకుని ఇవాళ పోర్ట్ పెట్టడం అటువంటివే. అందువల్ల ఈ కింది దశలను వరుస తప్పకుండా పాటించమని మనవి.

ముందుగా రెండు నియమాలు

మొబైల్ నంబర్ పోర్టబిలిటీ మన దేశంలో 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా అమలులోకి వచ్చింది. అప్పట్లో ఒక సర్కిల్ (టెలికాం సేవల కోసం దేశాన్ని విభజించిన ప్రాంతం) లోపల మాత్రమే మారగలిగేవారు. 2015 జూలై 3 నుంచి ఏ సర్కిల్ నంబరునైనా మరో సర్కిల్‌కు తీసుకువెళ్లే వీలు కలిగింది. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి, హైదరాబాద్‌లో తీసుకున్న నంబరును విజయవాడలో పోర్ట్ చేసినా అది సర్కిల్ లోపలి మార్పుగానే పరిగణించబడుతుంది. బెంగళూరులో తీసుకున్న కర్ణాటక నంబరును హైదరాబాద్‌లో పోర్ట్ చేస్తే అది సర్కిల్ మార్పు అవుతుంది. దీనివల్ల గడువు ఒకటి రెండు రోజులు పెరుగుతుందే తప్ప మీరు చేయవలసిన పనిలో తేడా ఏమీ ఉండదు.

రెండవది, ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఒకసారి పోర్ట్ అయ్యాక 90 రోజుల వరకు మళ్లీ పోర్ట్ చేయడం కుదరదు. కొత్త కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లో అందకపోయినా, చెప్పిన ప్లాన్ ఒకటై వచ్చినది మరొకటైనా మూడు నెలలు భరించవలసిందే. కింది దశల్లో మొదటి మూడూ ఈ కారణంగానే పోర్టింగ్ జోలికి పోకుండా పరీక్షలకే కేటాయించాను.

కావలసినవి

ఆధార్ కార్డు, అందులోని వివరాలు సరిగ్గా ఉన్నాయన్న నమ్మకం. ఎస్సెమ్మెస్ పంపగలిగే స్థితిలో ఉన్న ప్రస్తుత సిమ్. ప్రస్తుత ప్లాన్ ఏ తేదీతో ముగుస్తుందో స్పష్టంగా రాసిపెట్టుకున్న కాగితం. పోస్ట్‌పెయిడ్ అయితే చివరి బిల్లు చెల్లించిన రుజువు. ఓటీపీలు, ఫోన్‌కాల్స్ అందుకోవడానికి ఇంట్లో మరొకరి నంబరు. చివరిది చాలామంది పట్టించుకోరు గాని, మీ ఫోన్ మూగబోయిన ఆ కొద్ది గంటల్లో అదే అక్కరకు వస్తుంది.

1. మీకు నిజంగా ఎంత డేటా కావాలో చూసుకోండి

ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వినియోగం అన్న చోట గత నెలలో ఎన్ని జీబీ వాడారో కనబడుతుంది. రెండు సిమ్‌లు ఉన్న ఫోన్‌లో ఒక్కొక్క సిమ్‌కు లెక్క విడిగా ఉంటుంది కనుక సరైన సిమ్‌నే ఎంచుకుని చూడండి. 28 రోజుల్లో 20 జీబీ వాడారనుకుంటే రోజుకు సగటున 0.7 జీబీ మాత్రమే అయింది. అంటే రోజుకు 2 జీబీ ఇచ్చే ప్లాన్‌కు డబ్బు కట్టి మూడింట రెండు వంతులు అర్ధరాత్రి పూట వదిలేస్తున్నారన్నమాట, ఎందుకంటే ప్రీపెయిడ్ ప్లాన్లలో మిగిలిన రోజువారీ డేటా సాధారణంగా మరునాటికి జమ కాదు.

అయితే సగటు ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. వారంలో ఐదు రోజులు ఆఫీసు వైఫై వాడుతూ ఆదివారం మాత్రం మూడు జీబీ ఖర్చు చేసేవారికి రోజుకు 1 జీబీ ప్లాన్ చిక్కులు తెస్తుంది. పరిమితి దాటగానే వేగం 64 కేబీపీఎస్ దగ్గరికి పడిపోతుంది. ఆ వేగంతో వాట్సాప్‌లో అక్షరాలు వెళతాయి, ఫొటో వెళ్లదు. అటువంటి వారికి రోజువారీ పరిమితి లేకుండా మొత్తం వ్యాలిడిటీకి కలిపి ఇన్ని జీబీలు అని ఇచ్చే ప్లాన్లే నయం.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి, ఫోన్ ప్రధానంగా మాట్లాడటానికే వాడే పెద్దలకు డేటా అసలు అక్కర్లేకపోవచ్చు. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే వోచర్లను కూడా కంపెనీలు అందుబాటులో ఉంచాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం తెచ్చింది. ఇవి యాప్ మొదటి పేజీలో కనబడవు. ప్లాన్ల జాబితాలో కిందికి వెళ్లి వెతకాలి.

2. ప్లాన్ ధరను రోజు లెక్కన పోల్చండి

పెద్ద అక్షరాలతో రాసిన ధర చూసి ఏది చవకో తేల్చుకోవడం సాధ్యం కాదు. 28 రోజుల ప్లాన్‌ను జనం నెల ప్లాన్ అనుకుంటారు గాని, దానికి ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జ్‌లు అవుతాయి. ఉదాహరణకు 300 రూపాయల 28 రోజుల ప్లాన్‌కు ఏడాది ఖర్చు 3,600 కాదు, 3,900. ఇదే కంపెనీ 84 రోజులకు 850 రూపాయలు అడిగిందనుకుందాం. మొదటిది రోజుకు 10 రూపాయల 71 పైసలు, రెండవది 10 రూపాయల 12 పైసలు. ఏడాది మీద తేడా దాదాపు 217 రూపాయలు. కంపెనీ మారకుండానే, వ్యాలిడిటీ మార్చినంత మాత్రాన మిగిలే డబ్బు ఇది.

కాబట్టి ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి, ప్లాన్ ధర, రోజులు, రోజు ఖర్చు, రోజుకు వచ్చే డేటా రాయండి. ప్రస్తుత కంపెనీలోని రెండు మూడు ప్లాన్లను, మారదలచుకున్న కంపెనీలోని రెండు మూడు ప్లాన్లను పక్కపక్కన పెట్టండి. అన్ని కంపెనీల టారిఫ్‌లను ఒకే చోట చూపించే ట్రాయ్ టారిఫ్ పోర్టల్ ఉంది. దుకాణదారు చెప్పిన ధర కంటే, ఎవరో పంపిన వాట్సాప్ చిత్రం కంటే దాన్నో, కంపెనీ సొంత యాప్‌నో నమ్మడం మేలు.

ధర పోల్చేటప్పుడు ఈ మూడు సంగతులు మరవకండి. 2024 జూలై పెంపు నాటి నుంచి జియో, ఎయిర్‌టెల్ అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ లేదా అంతకు మించి ఇచ్చే ప్లాన్లకు ముడిపెట్టాయి. 5జీ మీద ఆధారపడ్డవారు చవక ప్లాన్‌కు దిగితే ఆ సౌకర్యం పోవచ్చు కనుక ప్లాన్ వివరాల్లో 5జీ ప్రస్తావన ఉందో లేదో చదవండి. పోర్ట్ అయి వచ్చేవారికి మొదటి రీఛార్జ్ ఒక ధర, తర్వాతి రీఛార్జ్‌లు మరో ధర ఉండే ఆఫర్లలో రెండవ ధరతోనే లెక్క వేయండి. ఓటీటీ సభ్యత్వం కలిసిన ప్లాన్‌లో ఆ యాప్‌ను మీరు నిజంగా చూస్తారా అని నిజాయితీగా ప్రశ్నించుకోండి.

ఏడాదికి మిగిలేది వంద, రెండు వందలే అయితే పోర్టింగ్ వదిలేసి ఉన్నచోటే ప్లాన్ మార్చుకోవడం నా దృష్టిలో తెలివైన పని.

3. కొత్త కంపెనీ సిగ్నల్‌ను మీ ఇంట్లోనే పరీక్షించండి

ఈ దశను ఎవరూ దాటవేయకూడదు. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో ఎక్కడ 2జీ, ఎక్కడ 4జీ, ఎక్కడ 5జీ అందుతుందో మ్యాపులు పెట్టాలన్న నియమం ఉంది గనుక ముందుగా వాటిని చూడండి. కాని మ్యాపు వీధి వరకే చెబుతుంది; పడకగదిలో సిగ్నల్ ఎన్ని గీతలు ఉంటుందో చెప్పదు.

నమ్మదగిన మార్గం ఇది: మారదలచుకున్న కంపెనీ నుంచి వేరే నంబరుతో ఒక కొత్త సిమ్ తీసుకుని, అతి తక్కువ రీఛార్జ్ వేయించి, ఫోన్‌లోని రెండవ స్లాట్‌లో రెండు వారాలు ఉంచండి. ఇంట్లో ప్రతి గదిలో, పనిచేసే చోట, రోజూ తిరిగే దారిలో, లిఫ్టులో కాల్ చేసి చూడండి. రాత్రి ఎనిమిది నుంచి పది గంటల మధ్య డేటా వేగం తప్పక చూడండి, ఎందుకంటే పగలు బాగా నడిచే టవర్ కూడా ఆ సమయంలో జనం ఎక్కువై నత్తనడక నడుస్తుంది. వేగం కొలవడానికి ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ వాడవచ్చు. కొత్త సిమ్ తీసుకోవడం ఇష్టం లేకపోతే, ఆ కంపెనీ సిమ్ ఉన్న బంధువును ఒక సాయంత్రం ఇంటికి పిలిచి వారి ఫోన్ నుంచి హాట్‌స్పాట్ తీసుకుని చూడటం ఓ మోస్తరు ప్రత్యామ్నాయం.

మీ ఫోన్ ఆ నెట్‌వర్క్‌కు సరిపోతుందా అన్నది కూడా ఇక్కడే తేలాలి. జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్ లేదు కాబట్టి పాత 2జీ కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ పనిచేయదు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్ అంటే బ్యాండ్ 28లో, 2100 మెగాహెర్ట్జ్ అంటే బ్యాండ్ 1లో నడుస్తుంది; మీ ఫోన్ స్పెసిఫికేషన్లలో బ్యాండ్ 28 లేకపోతే ఇంటి లోపల సిగ్నల్ విషయంలో ఇబ్బంది పడవచ్చు. ఆ సంస్థ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభించింది గాని, మీ ఊరి టవర్ సంగతి పరీక్షించి తెలుసుకోవలసిందే.

4. అడ్డంకులేమైనా ఉన్నాయేమో చూసుకోండి

మీరు పోర్టింగ్ కోడ్ అడగగానే మీ పాత కంపెనీ నుంచి కొన్ని విషయాలు ఆరా తీస్తారు. వీటిలో ఏది సరిపడకపోయినా కోడ్ రాదు, కారణంతో సందేశం వస్తుంది.

నంబరు ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తి చేసుకుని ఉండాలి. పోస్ట్‌పెయిడ్ అయితే గడువు దాటిన బిల్లు బకాయి ఉండకూడదు. ఇంతకాలం మారకుండా ఉంటామని కంపెనీతో ఒప్పందం ఉంటే, దాని నుంచి బయటపడే షరతులు తీరి ఉండాలి. నంబరు యజమాని పేరు మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉండకూడదు. నంబరు మీద కోర్టు వివాదం గాని, నిషేధం గాని ఉండకూడదు. సిమ్ పోయిందనో పాడైందనో కొత్త సిమ్ తీసుకుని ఉంటే, ఆ రోజు నుంచి ఏడు రోజులు గడవాలి. సిమ్ మోసాలను అరికట్టడానికి 2024 జూలై 1 నుంచి వచ్చిన నియమమిది.

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు మాత్రం పేరు గురించినది. పదిహేనేళ్ల కిందట నాన్నగారి పేరు మీద తీసుకున్న సిమ్ ఇప్పుడు కొడుకు వాడుతుంటాడు. భర్త పేరు మీది నంబరు భార్య ఫోన్‌లో ఉంటుంది. కొత్త కంపెనీ దగ్గర మీ ఆధార్ ఇస్తే నంబరు మరొకరి పేరున ఉన్నందువల్ల పేచీ వస్తుంది. ఎవరి పేరున ఉందో వారే స్వయంగా వెళ్లి పోర్ట్ చేయించడం సులువైన దారి. వారు జీవించి లేకపోతే ముందు పాత కంపెనీ స్టోర్‌లో మరణ ధ్రువీకరణ పత్రంతో పేరు మార్పు పూర్తి చేసుకోండి, ఆ తర్వాతే పోర్టింగ్ ఆలోచన చేయండి. ఆఫీసు ఇచ్చిన కార్పొరేట్ నంబరుకు సంస్థ అనుమతి పత్రం కావాలి.

5. తేదీ నిర్ణయించుకోండి

ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్, వ్యాలిడిటీ, డేటా ఏవీ కొత్త కంపెనీకి బదిలీ కావు, తిరిగి రావు. కనుక ప్రస్తుత ప్లాన్ ముగియడానికి అయిదారు రోజుల ముందు పోర్ట్ మొదలుపెట్టడం ఉత్తమం. సర్కిల్ లోపల పోర్టింగ్‌కు మూడు పనిదినాలు, సర్కిల్ మారితే ఐదు పనిదినాలు పడుతుంది. జమ్మూ కశ్మీర్, అసోం, ఈశాన్య రాష్ట్రాల్లో 15 రోజుల వరకు పట్టవచ్చు. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు కాబట్టి శుక్రవారం సాయంత్రం పెట్టినది బుధ, గురువారాల దాకా సాగవచ్చు. సోమవారం ఉదయం పెట్టినవారికి మధ్యలో సెలవు తగలకపోతే అదే వారంలో పని ముగుస్తుంది.

పరీక్ష ఫీజు కట్టవలసిన రోజు, ఆస్పత్రి పని, ప్రయాణం, ఇంటి రుణం వాయిదా ఉన్న రోజులను వదిలేయండి. నంబరు మారే సమయంలో గరిష్ఠంగా నాలుగు గంటలు సేవలు నిలిచిపోవచ్చు. ఇది ఎక్కువగా రాత్రి వేళ జరుగుతుంది. దాని తర్వాత కూడా ఒకటి రెండు రోజులు కొన్ని బ్యాంకుల ఓటీపీలు ఆలస్యంగా వచ్చే అవకాశం ఉంది.

ఇదే సమయంలో పాత సిమ్ కార్డులో దాచుకున్న ఫోన్ నంబర్లుంటే వాటిని ఫోన్‌లోకో, గూగుల్ ఖాతాలోకో మార్చండి. పోస్ట్‌పెయిడ్‌లో ఉన్నవారు ఆటోపే ఆపకుండా ఉండటం మంచిది, ఆఖరి బిల్లు ఇంకా రావలసి ఉంటుంది.

6. 1900కు సందేశం పంపి యూపీసీ తీసుకోండి

పోర్ట్ చేయదలచుకున్న సిమ్ నుంచే ఈ సందేశం వెళ్లాలి. పీ, ఓ, ఆర్, టీ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కు పంపండి. నంబరు ముందు సున్నా గాని, ప్లస్ 91 గాని వద్దు. అంకెల మధ్య ఖాళీలు ఉండకూడదు.

కాసేపటికి ఎనిమిది అక్షరాలు, అంకెలు కలిసిన యూనిక్ పోర్టింగ్ కోడ్, అంటే యూపీసీ, దాని గడువు తేదీతో సహా వస్తుంది. ఈ కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. జమ్మూ కశ్మీర్, అసోం, ఈశాన్య సర్కిళ్లలో మాత్రం 30 రోజులు. అందుకే కోడ్‌ను ముందే తెప్పించుకుని పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. దుకాణానికి వెళ్లే రోజునో, ముందు రోజు సాయంత్రమో పంపితే చాలు. గడువు దాటితే కంగారు పడకండి, మళ్లీ సందేశం పంపి కొత్త కోడ్ తీసుకోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లలో మొదటిది, రెండు సిమ్‌ల ఫోన్‌లో ఎస్సెమ్మెస్‌లకు డిఫాల్ట్‌గా రెండవ సిమ్ ఎంపికై ఉండటం. పంపే బాణం గుర్తు పక్కన 1 లేదా 2 అన్న చిన్న అంకె కనబడుతుంది. దాన్ని చూసే పంపండి. రెండవది, మీ ప్లాన్‌లో ఎస్సెమ్మెస్‌లు లేవు కాబట్టి 1900కు పంపలేమనుకోవడం. ప్లాన్ ఏదైనా సరే ఈ సందేశాన్ని అనుమతించాలని 2021 డిసెంబరులోనే ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. సందేశం వెళ్లడం లేదంటే ముందు సిగ్నల్, ఆ తర్వాత అవుట్‌గోయింగ్ ఆగిపోయిందేమో చూసుకోండి, అప్పటికీ వెళ్లకపోతే కంపెనీకి ఫిర్యాదు చేయండి.

కోడ్ అడిగాక పాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చి, ఉండిపోతే తగ్గింపు ఇస్తామని చెప్పవచ్చు. అది మీకు నచ్చితే తీసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే నోటి మాటగా కాకుండా, ఆ ప్లాన్ మీ యాప్‌లో కనబడిన తర్వాతే పోర్టింగ్ ఆపండి.

7. కొత్త కంపెనీ దగ్గర దరఖాస్తు, కేవైసీ

కంపెనీ సొంత స్టోర్‌కు వెళ్లండి, లేదా వారి యాప్‌లో సిమ్‌ను ఇంటికి తెప్పించుకోండి. యూపీసీ, ఆధార్ ఇస్తే అక్కడికక్కడే ఫొటో తీసి, వేలిముద్ర లేదా ఓటీపీతో డిజిటల్ కేవైసీ, అంటే గుర్తింపు ధ్రువీకరణ, పూర్తి చేస్తారు. 2024 జనవరి 1 నుంచి కాగితం ఫారాల కేవైసీ లేదు కనుక, జెరాక్స్ కాగితం మీద సంతకం చేసి ఇవ్వమని ఎవరైనా అడిగితే ఇవ్వకండి. ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ ఏది కావాలో ఈ దశలోనే చెప్పాలి. పాతచోట ఏది ఉన్నా కొత్తచోట రెండిటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. ఈ-సిమ్ కావాలనుకునేవారు ముందుగా అడగండి, కొన్నిచోట్ల మొదట మామూలు సిమ్‌తో పోర్ట్ చేసి తర్వాత ఈ-సిమ్‌గా మార్చుకోమంటారు. మీ దగ్గర పోర్టింగ్ రుసుము తీసుకుంటే అది కొద్దిపాటి రూపాయల్లోనే ఉండాలి; వంద, రెండు వందలు పోర్టింగ్ ఛార్జీ అని అడిగితే అది దుకాణదారు సొంత లెక్క.

రోడ్డు పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని పోర్ట్ చేసే వారి దగ్గర వేలిముద్ర పెట్టేటప్పుడు కళ్లు తెరిచి ఉండండి. "వేలిముద్ర పడలేదండీ, ఇంకోసారి పెట్టండి" అని రెండు మూడు సార్లు పెట్టించి, ఆ రెండవ ముద్రతో మీ పేరు మీద మరో సిమ్ తీసి మోసగాళ్లకు అమ్మిన కేసులు పోలీసులు పట్టుకున్నారు. ప్రతిసారీ ఫోన్ తెర మీద ఏ నంబరుకు కేవైసీ జరుగుతోందో మీరే చదవండి. మొదటిది విఫలమైందని చెబితే ఆ విఫల సందేశాన్ని చూపించమని అడగండి. చూపించనంటే అక్కడ పని ఆపి, కంపెనీ స్టోర్‌కు వెళ్లడమే మంచిది.

దరఖాస్తు ఇచ్చాక మనసు మారితే 24 గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. క్యాన్సిల్ అనే పదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో, సీ, ఏ, ఎన్, సీ, ఈ, ఎల్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, పది అంకెల నంబరు రాసి 1900కే పంపాలి. 24 గంటలు దాటితే ఈ వీలు ఉండదు.

8. పాత సిమ్‌ను తీయకుండా వేచి ఉండండి

కొత్త సిమ్ చేతిలోకి రాగానే ఫోన్‌లో వేసి "సిగ్నల్ రావడం లేదు" అని గాభరా పడేవారు ఎందరో. పోర్ట్ జరిగే క్షణం వరకు మీ నంబరు పాత సిమ్‌లోనే బతికి ఉంటుంది. మీ నంబరు ఎప్పుడు మారుతుందో తేదీ, సమయంతో సందేశం వస్తుంది. ఆ సమయానికి పాత సిమ్‌లో సిగ్నల్ పూర్తిగా పోయి "నో సర్వీస్" అని పడితే, అప్పుడు కొత్త సిమ్ వేసి ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. స్టోర్‌లోనే మొదటి రీఛార్జ్ చేయించి ఉండకపోతే ఇప్పుడు చేయించాలి. సిమ్ మొదలైనా రీఛార్జ్ లేకపోతే కాల్స్ వెళ్లవు.

9. అన్నీ పనిచేస్తున్నాయో లేదో ఒక్కొక్కటే చూడండి

సిగ్నల్ గీతలు రావడంతో పని అయిపోయినట్టు కాదు. ఈ వరుసలో పరీక్షించండి.

ముందుగా డేటా. వైఫై ఆపి ఏదైనా వెబ్ పేజీ తెరవండి. తెరుచుకోకపోతే మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ పేరు చూడండి. జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్‌ఎన్‌ఎల్‌కు బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఉండాలి. పాత కంపెనీ పేరు అలాగే ఉండిపోవడం సాధారణంగా జరిగే లోపం.

తర్వాత కాల్స్. వోల్టీ (4జీ నెట్‌వర్క్ మీద కాల్స్ వెళ్లే సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో చూసి, జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్ నంబర్లు వాడే నలుగురిని మీకు ఫోన్ చేయమనండి, వీలైతే ఒక ల్యాండ్‌లైన్ నుంచి కూడా. కొత్తగా పోర్ట్ అయిన నంబరుకు కొన్ని నెట్‌వర్క్‌ల నుంచి కాల్స్ వస్తూ, మరికొన్నిటి నుంచి రాకపోవడం జరుగుతుంది, మీ నంబరు మారిన సమాచారం ఆ నెట్‌వర్క్‌లో ఇంకా సరిదిద్దకపోవడమే కారణం. మీరు చేసే కాల్స్ వెళుతుంటాయి కాబట్టి ఈ లోపం మీకు తెలియనే తెలియదు. ఒక రోజు దాటినా ఇలాగే ఉంటే ఏ నెట్‌వర్క్ నుంచి రావడం లేదో స్పష్టంగా చెప్పి కొత్త కంపెనీకి ఫిర్యాదు చేయండి.

ఆపైన ఎస్సెమ్మెస్. మరో ఫోన్‌కు ఒకటి పంపి, ఒకటి తెప్పించుకోండి. బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడటం వంటి చిన్న పని చేసి ఓటీపీ వస్తుందో లేదో గమనించండి. యూపీఐ యాప్‌లు సిమ్ మారిందని గుర్తించి నంబరును మళ్లీ ధ్రువీకరించమంటాయి; అందుకు మీ ఫోన్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి కాబట్టి కొత్త ప్లాన్‌లో ఎస్సెమ్మెస్ సౌకర్యం ఉండటం అవసరం. వాట్సాప్ మాత్రం, నంబరు అదే గనుక, సాధారణంగా యథాతథంగా నడుస్తుంది.

చివరగా కొత్త కంపెనీ యాప్‌లో లాగిన్ అయి ప్లాన్ పేరు, వ్యాలిడిటీ తేదీ, రోజువారీ డేటా మీరు కాగితం మీద రాసుకున్న వాటితో సరిపోతున్నాయో పోల్చండి. అడగకుండానే కాలర్ ట్యూన్ లాంటి అదనపు సేవలు తగిలించారేమో చూడండి. వారం తర్వాత టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూడండి. మీది కాని నంబరు కనబడితే అక్కడే "నా నంబరు కాదు" అని గుర్తుపెట్టి ఫిర్యాదు చేసే వీలుంది.

పోస్ట్‌పెయిడ్ నుంచి వచ్చినవారికి ఒక హెచ్చరిక

పోర్ట్ అయ్యాక పాత కంపెనీ ఆఖరి బిల్లు పంపుతుంది. "ఇక వారితో మనకేం పని" అని దాన్ని చెల్లించకుండా వదిలేస్తే, పాత కంపెనీ కోరిక మీద కొత్త కంపెనీయే మీ నంబరును ఆపివేయవలసి వస్తుంది. బిల్లు చెల్లించి రసీదు దాచుకోండి. సెక్యూరిటీ డిపాజిట్ కట్టి ఉంటే దాన్ని తిరిగి ఇవ్వమని అదే సమయంలో అడగండి. ఫ్యామిలీ ప్లాన్‌లో ప్రధాన నంబరును పోర్ట్ చేసేవారు, దాని కింద ఉన్న మిగతా నంబర్ల సంగతి ఏమవుతుందో ముందే తేల్చుకోవాలి.

యూపీసీ ఎవరికీ చెప్పకూడదు

కేవైసీ గడువు ముగిసిందనో, 5జీకి మారుస్తామనో ఫోన్ చేసి, 1900 సందేశానికి వచ్చిన కోడ్ చెప్పమని అడిగేవారు మోసగాళ్లే. ఆ కోడ్‌తో మీ నంబరును తమ చేతిలోని సిమ్‌కు పోర్ట్ చేయించుకుంటే, మీ బ్యాంకు ఓటీపీలన్నీ వారికే వెళతాయి. కోడ్‌ను స్టోర్‌లోని మనిషికో, మీరు తెప్పించుకున్న సిమ్ తెచ్చిన కంపెనీ మనిషికో మీరు ఎదురుగా ఉండగా మాత్రమే చెప్పాలి, లేదా కంపెనీ సొంత యాప్‌లోనే ఇవ్వాలి. మీరు అడగకుండానే యూపీసీ సందేశం వస్తే, మీ ఫోన్ ఎవరైనా వాడారేమో వెంటనే విచారించి, కంపెనీకి ఫోన్ చేయండి. డబ్బు పోయినట్టయితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించండి.

పని మధ్యలో ఆగిపోతే

గడువు దాటినా పోర్ట్ కాకపోతే మొదట కొత్త కంపెనీనే అడగాలి, దరఖాస్తు వారి దగ్గరే ఉంది గనుక. తిరస్కరణ సందేశం వచ్చి ఉంటే అందులోని కారణాన్ని చదవండి. బకాయి అని ఉంటే బిల్లు చెల్లించి ఆ వివరం పాత కంపెనీ రికార్డులో ఎక్కేవరకు ఒకటి రెండు రోజులు ఆగి, మళ్లీ కొత్త యూపీసీతో మొదలుపెట్టండి. బకాయి లేకుండానే అలా తిరస్కరించారనిపిస్తే, చెల్లింపు రసీదుతో పాత కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తీసుకోండి. అక్కడ పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి, ఆపైన టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి వెళ్లవచ్చు. ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులను స్వయంగా పరిష్కరించదు కాబట్టి నేరుగా దానికి రాసి నెలలు ఎదురుచూడకండి. ఏ మెట్టులోనైనా 1900 నుంచి వచ్చిన సందేశాల స్క్రీన్‌షాట్లు, స్టోర్ ఇచ్చిన రసీదు, డాకెట్ నంబరు, మాట్లాడిన తేదీలు మీ దగ్గర ఉండాలి. పాత ఫోన్ అమ్మేసేవారు, సందేశాలు తుడిచేసేవారు వీటిని ముందుగానే వేరే చోట దాచుకోవాలి.